ఇప్పి కాళ్ల నొప్పి

అనగనగా కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో ఒక రాతి గుహ. ఆ గుహలో ఎలుగుబంట్ల కుటుంబం కాపురముండేది. అమ్మ, నాన్న, తాత, వాళ్లందరి ముద్దుల పిల్ల ఇప్పి. ఇప్పపూలు రాలే రోజుల్లో పుట్టిందని దానికి ఆ పేరు పెట్టారు.

ఇప్పికి కొండలంటే ప్రాణం. తేనెపట్టు ఒకవైపు, కొండదారి ఒకవైపు ఉంటే కొండదారే పట్టే రకం. నడక రాకముందు అమ్మ వీపు మీద కూర్చుని ఎక్కింది. నడక వచ్చాక తాత పక్కన నడుస్తూ ఎక్కింది. గోళ్లు ఎక్కడ ఆనించాలో, ఏ రాయి కదులుతుందో దానికి నేర్పింది తాతే. చుట్టుపక్కల చిన్న కొండలన్నీ అయిపోయాయి. ఈ వైపున ఇక మిగిలింది అన్నిటికన్నా ఎత్తైన గద్దకొండ.

వానలు వెళ్లి చలి మొదలైన రోజుల్లో, గద్దకొండకి వెళ్దామన్నాడు నాన్న. ఇప్పి ఎగిరి గంతేసింది. అయితే నాన్న ఒక షరతు పెట్టాడు. కాళ్లు నొప్పులని ఒక్కసారి కూడా అనకుండా ఎక్కితే, ఆ తర్వాతి కొండకి ఇప్పే ముందు నడిచి అందరికీ దారి చూపించవచ్చు. అన్నదంటే మాత్రం మళ్లీ అమ్మ వీపే.

"అననుగాక అనను" అంది ఇప్పి.

మర్నాడు తెల్లవారగానే బయలుదేరారు. ఇప్పి వాగు దాటింది, ముళ్లపొదలు దూరింది, బండల మీదికి పాకింది. సగం కొండ ఎక్కేసరికి ఒక కొండముచ్చు ఎదురైంది.

"ఇంత మెల్లగా నడిస్తే ఎప్పటికి చేరతావు? నాతో రా. దగ్గరిదారి చూపిస్తాను. అందరికంటే ముందు నువ్వే పైన ఉంటావు" అంది.

ఇప్పికి మనసు లాగింది. నాలుగడుగులు దాని వెంట వేసింది కూడా. ఎందుకో వెనక్కి తిరిగి చూసింది.

కింద మలుపులో తాత ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. ఏమైందని నాన్న అడిగితే, ఇక్కడేదో చెదపుట్ట ఉన్నట్టుంది, వాసన చూస్తున్నాను, మీరు పదండి అంటున్నాడు. అక్కడ పుట్టా లేదు, ఏమీ లేదు. తాత మోకాళ్లు వణుకుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ కనపడకూడదని వాటిని ముందరి పంజాలతో అదిమి పట్టుకున్నాడు.

ఇప్పికి అర్థమైంది. అలసిపోయావా అని అడిగితే తాత లేదంటాడు. తన వల్ల అందరికీ ఆలస్యమని మెల్లగా కిందికి దిగిపోతాడు. ఇంక ఎప్పటికీ కొండకి రాడు.

కొండముచ్చు పిలుస్తూనే ఉంది. ఇప్పి గబగబా కిందికి దిగి తాత పక్కన చతికిలబడింది.

"తాతా, నాకు కాళ్లు నొప్పులు. నాతో కాసేపు కూర్చుంటావా?"

నాన్న ఏదో అనబోయాడు. అమ్మ వద్దని కళ్లతోనే సైగ చేసింది. అందరూ కూర్చున్నారు.

కాసేపటికి తాత లేచాడు. కొంతదూరం పోయాక ఆయన అడుగు తడబడింది. ఇప్పి మళ్లీ కూలబడింది. రెండోసారి కాళ్లు నొప్పులంది. నిట్టనిలువు చరియ కింద మూడోసారీ అంది. ఆ మాట అన్నప్పుడల్లా దాని గొంతు చిన్నబోయేది. ముందు నడవాలని దానికి అంత ఆశ మరి.

మూడోసారి తాత నవ్వాడు.

"నీ కాళ్ల నొప్పి నా మోకాళ్లలో ఉంది కదే తల్లీ" అని దాని తల నిమిరాడు. ఆ తర్వాత ఆయన ఏమీ దాచలేదు. చరియ ఎక్కడానికి భుజం ఆసరా ఇమ్మని నాన్నను తానే అడిగాడు.

నాన్న ఇప్పి వైపు తిరిగాడు. షరతు ప్రకారం మూడుసార్లు ఓడిపోయావన్నాడు. ఇప్పి తల వంచుకుంది.

"వెనక ఎవరు ఆగిపోయారో చూసుకునేవాళ్లే ముందు నడవాలమ్మా. వచ్చే కొండకి నువ్వే మాకు దారి చూపించు" అన్నాడు నాన్న.

అంతలో కొండముచ్చు పైనుంచి దిగుతూ కనిపించింది. పైన చూడ్డానికి ఏమీ లేదని, అంతా తెల్లటి మంచేనని, వెనక్కి పొమ్మని చెప్పి తన దారిన వెళ్లిపోయింది. వాళ్లు మాత్రం ఆగకుండా ఎక్కారు.

శిఖరం చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. మంచంతా విడిపోయింది. కింద అడవి మొత్తం ఒక్కసారే కనిపించింది. పొద్దున దాటిన వాగు ఉడత తోకంత ఉంది. అవతలివైపు కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, ఆకాశంలో కలిసిపోయేదాకా.

తాత ఆ కొండలన్నిటి మీదా మెల్లగా చూపు తిప్పాడు.

"మళ్లీ చూస్తాననుకోలేదు" అన్నాడు చివరికి.

ఇప్పి ఆయనకు ఆనుకుని కూర్చుంది. తాత ఒక్కొక్క కొండనే చూపిస్తూ దాని పేరు చెప్పసాగాడు. పేర్లన్నీ అయ్యేసరికి ఎండ వాలింది. ఎవరూ తొందరపెట్టలేదు.

నీతి: తనవాళ్ల అలసట చూసి తన అడుగు తగ్గించుకునే మనసు కొండకన్నా ఎత్తైనది.