తకియా పడవకి కొత్త ఇంజను

ఇస్మాయిల్ బాబా శిష్యుల్లో ఖలీల్‌కి ఒక బాధ ఉండేది. ఎవరైనా మాట తప్పుగా వాడితే భరించలేడు. పాలిటెక్నిక్‌లో డీజిల్ యంత్రాల పాఠాలు చెప్పి చెప్పి, ఒకనాడు అన్నీ వదిలేసి బాబా దగ్గరికి వచ్చేసినవాడు. ఉద్యోగం వదిలాడు గానీ, బెత్తం మాత్రం నాలుక మీద ఉండిపోయింది.

కృష్ణానది సముద్రంలో కలిసేచోట ఒక లంకలో ఉంది బాబాగారి తకియా. ఫకీర్లు ఉండే చిన్న పెంకుటిల్లు, దానికో పడవ. లంకలో ఎవరు అవతలి గట్టుకి వెళ్లాలన్నా ఆ పడవే దిక్కు. దాన్ని నడిపే సరంగు నాంచారయ్య. అతని తండ్రి కూడా ఆ పడవకే సరంగు.

ఆ ఏడు తుపానుకి పడవ రేవు రాళ్లకేసి కొట్టుకుంది. చెక్క నిలిచింది గానీ, ఇంజను నిలువునా చీలి లోపలికి ఉప్పునీళ్లు పోయాయి. అప్పట్నుంచీ జనం తెడ్లేసుకుంటూ చిన్న దోనెల మీద బిక్కుబిక్కుమంటూ దాటుతున్నారు. మండపీతలు పట్టుకుని బతికేవాళ్ల సరుకైతే అవతలి గట్టు చేరేసరికి సగం చచ్చిపోతోంది.

"నేను చూస్తాను బాబా" అన్నాడు ఖలీల్.

బందరు వెళ్లి కొత్త ఇంజను తెచ్చాడు. రెండు దోనెలు కలిపి కట్టించి, వాటి మీద ఏరు దాటించాడు. తుప్పు పట్టిన పాత బోల్టులు కోసి తీశాడు. ఇంజను కింద కొత్త దుంగలు వేశాడు. ఇంజనూ, నీళ్లలో పంకా తిప్పే ఇనుపకడ్డీ ఒకే గీతలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పడవంతా వణికిపోతుంది. బిగించాడు, చూశాడు, నచ్చక విప్పి మళ్లీ బిగించాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆఖరి బోల్టు బిగించి తన పైపంచెతోనే ఇంజనుని తుడుస్తుంటే అతని ఛాతీ పొంగింది. అంత శుభ్రమైన పని ఆ చుట్టుపక్కల రేవుల్లో ఎవరూ చేసి ఉండరనుకున్నాడు. అది నిజం కూడా.

మర్నాడు పొద్దున్నే, ఏరు పోటు మీదుండగా జనం వచ్చేశారు. పీతల గంపలన్నీ పడవలోకి చేరాయి. అవతలి గట్టున లారీ ఎదురు చూస్తోంది.

నాంచారయ్య తలపాగా చుట్టుకుని వచ్చాడు. "సారూ, హ్యాండిలు ఇటివ్వండి. మోటారు తిప్పుతా."

ఖలీల్ హ్యాండిల్ వెనక్కి తీసుకున్నాడు. "మోటారు కాదు, ఇంజను."

"ఏదో ఒకటి లెండి."

"ఏదో ఒకటి ఎలా అవుతుంది? కరెంటుతో తిరిగేది మోటారు. నూనె కాల్చుకుని తిరిగేది ఇంజను. ఇంజను అను, ఇస్తాను."

నాంచారయ్య ముఖం ఎర్రబడింది. "మా నాయన నాటి నుంచీ ఇది మోటారు పడవే. నా నోట్లో మాట మార్చడానికి మీరెవరు? మరి మోటారు సైకిలుందే, దానికి కరెంటు తీగ ఎక్కడుందండీ?"

గంపల దగ్గర ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"అదీ తప్పే!" అని అరిచాడు ఖలీల్. "లోకమంతా తప్పంటే నేనూ తప్పనాలా?"

ఇద్దరూ పట్టు వదల్లేదు. జనం కూడా రెండు పక్షాలైపోయి, రేవంతా ఇంజను, మోటారు అని గోల. ఆ గోలలో నీటిని ఎవరూ చూడలేదు. పోటు తీసేసి నీళ్లు వెనక్కి పోయాయి. పడవ అడుగు బురదలో కూర్చుని ఒక పక్కకి ఒరిగినప్పుడు గానీ ఎవరికీ నోరు మూతపడలేదు.

"అయ్యో, పీతలు!" అంది గంప పట్టుకున్నామె.

గట్టు మీంచి బాబా దిగి వచ్చాడు. లుంగీ పైకి మడిచి కట్టుకుని మోకాలి లోతు బురదలోకి దిగాడు. డెబ్బై దాటిన మనిషి, ఎండు కట్టెలాంటి భుజాన్ని పడవకి ఆనించి తోయడం మొదలుపెట్టాడు. పడవ కదల్లేదు. ఊపిరి పీల్చుకుని మళ్లీ తోశాడు.

"బాబా! మీరెందుకు?" ఖలీల్ పడవలోంచి వంగి అరిచాడు.

బాబా తలెత్తాడు. గడ్డం నిండా బురద.

"నన్నేమనాలి ఖలీల్? ఇంజననా, మోటారనా?"

ఖలీల్ హ్యాండిల్ నాంచారయ్య చేతిలో పెట్టి బురదలోకి దూకాడు. అతని వెనకే మగవాళ్లూ ఆడవాళ్లూ అందరూ దిగారు. బాబా పక్కన భుజం ఆనించి తోశాడు ఖలీల్. బురద బుడబుడమంది. పడవ జారింది. ఇంకోసారి తోశారు, నీళ్లలో తేలింది.

నాంచారయ్య హ్యాండిల్ ఒక్క తిప్పు తిప్పాడు. ఇంజను అందుకుంది. పడవలో ఒక్క చెక్క కూడా వణకలేదు. రేవు రేవంతా ఈల వేసింది. బురద కాళ్లతోనే అందరూ ఎక్కేశారు.

అవతలి గట్టున లారీ ఇంకా కనిపిస్తూనే ఉంది.

చుక్కాని పక్కన సరంగు కూర్చునే బల్ల మీద, నట్టనడుమ కూర్చున్నాడు ఖలీల్. ఇంజను చప్పుడు వింటుంటే ఒళ్లంతా పులకరిస్తోంది. నాంచారయ్య పక్కనే నిలబడి చుక్కాని పట్టుకున్నాడు. ఎటో చూస్తున్నాడు.

బాబా ఏటి నీళ్లతో గడ్డం కడుక్కుంటూ అడిగాడు, "ఎలా ఉంది ఖలీల్?"

"గర్వంగా ఉంది బాబా." దొంగతనం ఒప్పుకున్నట్టు తల దించుకున్నాడు.

"ఉండదా మరి! అంత పని చేశావు."

ఖలీల్ ఆశ్చర్యంగా తలెత్తాడు.

బాబా బల్ల వైపు చూపించాడు. "కాస్త జరిగి కూర్చో. నాంచారయ్య కూడా గర్వపడాలి."