కొత్త తాళంచెవులు

కరువొస్తే పనికొస్తుందని రాజు మూడు ఊళ్లలో, ఊరికొక వర్తకుడి కొట్టులో ధాన్యం దాయించాడు. ఒక కొట్టు ఖాళీ అయింది. మంత్రి ఆ నేరం కాపలాదారు సింగన్న మీద మోపి, ఉరిశిక్ష వేయించాడు.

సింగన్న భార్య ఎర్రక్క రాజు కాళ్ల మీద పడింది. "ప్రభూ! ఆ కొట్టుకు తాళం మార్చి కొత్త ధాన్యం దింపుతున్నామనీ, పాత తాళంచెవి తెచ్చినవాళ్లకు కొత్తది ఇస్తామనీ చాటింపు వేయించండి. తర్వాత ఎవరిని ఉరి తీయాలో మీకే తెలుస్తుంది."

మర్నాడు కోట వాకిలి నిండిపోయింది. బండివాళ్లు, వర్తకుల అల్లుళ్లు, ఎలుకలు పట్టేవాళ్లు, అందరి చేతుల్లోనూ తాళంచెవులే. వాళ్ల మధ్య మంత్రి బావమరిది కూడా ఉన్నాడు.

"నీకెవరిచ్చారు?" అని రాజు గద్దించాడు. అతను మంత్రి వైపు చూశాడు.

సింగన్నను విడిచిపెట్టారు. "మిగతా రెండు కొట్ల తాళాలూ మార్పిస్తాను," అన్నాడు రాజు.

"ముందు లోపలేమైనా మిగిలిందేమో చూడండి, ప్రభూ," అంది ఎర్రక్క.

తెరిచి చూశారు. గింజ లేదు. ఆ ఏడు వానా పడలేదు.