ముక్కలైన మద్దిపలక

తంగేడుకోన అనే అడవిలో దుప్పులు, నెమళ్లు, ఎలుగులు, వడ్రంగి పిట్టలు కలిసిమెలిసి బతికేవి. ఆ అడవికి ఒక గొప్ప ఉండేది. చుట్టుపక్కల ఏ అడవికీ లేని గొప్ప! అదొక మద్దిపలక, అంటే మద్దిచెట్టు చెక్కతో చేసిన పలక.

ఆ పలక పడుకున్న ఏనుగంత పొడవు. ఎప్పుడో పెద్ద కరువులో వాగులన్నీ ఎండిపోతే, ఒక దుప్పి, ఒక నెమలి, ఒక ఎలుగు, ఒక వడ్రంగి పిట్ట కలిసి వెళ్లి నీటి ఊటను కనిపెట్టాయట. ఆ కథను వడ్రంగి పిట్టే పలక మీద చెక్కింది. ముందు దుప్పి, తర్వాత నెమలి, ఆ వెనక ఎలుగు, చిట్టచివర రాతికి ముక్కు ఆనించి తాను. బొమ్మల మధ్య సన్నని చుక్కలు కూడా ఉన్నాయి. ఆ చుక్కలు ఎందుకో, ఆ ఊట ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఏటా ఇప్పపూలు రాలే మొదటి రోజున అందరూ పలక దగ్గరికి చేరేవారు. ముళ్లపంది సూదమ్మవ్వ తోకతో దుమ్ము దులిపేది. ఎవరి పెద్దల బొమ్మను వాళ్లు తాకి, "మావాళ్లే!" అని గట్టిగా అరిచేవారు. అందరికంటే గట్టిగా అరిచేది ఉలిముక్కు అనే వడ్రంగి పిట్ట. అరవడా మరి! చెక్కింది వాడి ముత్తవ్వ.

ఒకనాడు కొండ అవతల నుంచి కలుగురాజు అనే పందికొక్కు వచ్చాడు. వాడికి పాత వస్తువులు పోగేసే పిచ్చి. పాము కుబుసాలు, ఊడిన కోరలు, గద్ద ఈకలు, ఏది కనబడితే అది కలుగులోకి ఈడ్చుకుపోయేవాడు.

"ఆహా, ఏం పనితనం!" అన్నాడు పలక చుట్టూ తిరుగుతూ. "ఉలిముక్కూ, మీ ముత్తవ్వ ఇలా ఎండలో పడి ఉండాల్సిందేనా? నా కలుగులో పెడితే పది అడవుల వాళ్లు చూస్తారు. పలకంతా నా గుమ్మంలో పట్టదు. ఆ చివరి ముక్క కోసివ్వు చాలు. అంత నాజూగ్గా కోయడం నీ ముక్కుకే చేతనవుతుంది."

ఉలిముక్కు ఉబ్బిపోయాడు. టకటకమని కోసి ఇచ్చేశాడు.

ఇంకేముంది! "పరాయివాడికి ఇచ్చి మాకివ్వవా?" అని నెమలి అలిగింది. ఎలుగు గుర్రుమంది. దుప్పి మొహం మాడ్చుకుంది. ఉలిముక్కు ఎవరి బొమ్మ వాళ్లకు కోసి, అంచులు నున్నగా చెక్కి పంచిపెట్టాడు. చుక్కలున్న చెక్కపేళ్లు నేలమీద రాలాయి.

సూదమ్మవ్వ ఆ పేళ్లు ఒక్కొక్కటే ఏరుకుంది. "ఏం పని చేశావురా! ఇది నీ ఒక్కడి సొత్తా?"

"బొమ్మలు భద్రంగానే ఉన్నాయిగా అవ్వా! పోయినవి చుక్కలేగా?"

"నీకు అర్థం కానిదల్లా పనికిరానిదని ఎవరు చెప్పారురా?" అంది అవ్వ. పేళ్లను తన గుహలో ఆకుల కింద దాచింది.

ఆ ఏడు వాన పడలేదు. మరుసటి ఏడూ పడలేదు. వాగు ఎండింది, మడుగు ఎండింది. దుప్పి పిల్ల నాలుక బయటపెట్టి కూలబడిపోయింది. తల్లి ఏడుస్తూ సూదమ్మవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"మన పెద్దలు ఇలాంటి కరువునే దాటారే! పలకలో దారి ఉండి తీరాలి. ఎవరి ముక్కలు వాళ్లు పట్టుకు రండి," అంది అవ్వ.

అందరూ తెచ్చారు. అవ్వ పేళ్లను మధ్యలో అమర్చింది. అప్పుడు చూడాలి! చుక్కలన్నీ కలిసి ఒకే దారి అయ్యాయి. వాగు మలుపు దగ్గర మొదలై, ఎలుగు కాలి కింద ఉన్న మూడుమూలల బండ దాకా నడిచాయి. అక్కడితో పలక ఆగిపోయింది. మిగిలిన దారి పందికొక్కు దగ్గరుంది.

 ఉలిముక్కు ఎగిరి వెళ్లి కలుగురాజు గుమ్మంలో వాలాడు.

"ఆ ముక్కా?" అన్నాడు కలుగురాజు, మీసాలు దువ్వుకుంటూ. "గోడలో ఇమడలేదు, చుట్టూ కొరికేశాను. తర్వాత ఏటి అవతల ముంగిసకిచ్చి ఒక కోతి పుర్రె తెచ్చుకున్నా. ముంగిస ఎవరికిచ్చిందో ఏమో!"

 ఉలిముక్కు సిగ్గుతో తిరిగొచ్చాడు. కానీ ఏటా తాకిన ఆ బొమ్మ కళ్లముందే ఉంది. ముత్తవ్వ ముక్కు రాతికే ఎందుకు ఆనించింది? రాతిని కొట్టి, లోపలి నీళ్ల చప్పుడు వినడానికి కాదూ!

అడవిలో ఆ మూడుమూలల బండ దగ్గర వంద రాళ్లున్నాయి. ఆ ముక్క ఉంటే ఏ రాయో తెలిసేది. ఇప్పుడు అన్నీ కొట్టి చూడాల్సిందే. ఉలిముక్కు పొద్దున మొదలుపెట్టి ఒక్కో రాతినీ కొట్టాడు, చెవి ఆనించి విన్నాడు. మధ్యాహ్నానికి ముక్కు చివర విరిగింది. అయినా ఆపలేదు. ఎండ వాలే వేళకు ఒక రాయి గుల్లగా మోగింది.

ఎలుగు రాయి దొర్లించింది. కింద నుంచి చల్లని ఊట ఎగదన్నింది. దుప్పి పిల్ల మొదటి గుటక వేసింది.

పలకను మళ్లీ అతికించారు. "చివరి బొమ్మ నువ్వే కొత్తగా చెక్కు," అంది నెమలి.

"విరిగిన ముక్కుతో చెక్కలేను," అన్నాడు ఉలిముక్కు. "చెక్కగలిగినా చెక్కను. అక్కడ ఎన్ని చుక్కలుండేవో నాకు తెలియదు. నా ఊహను ముత్తవ్వ మాట అని చెప్పలేను."

ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. తంగేడుకోన వాళ్లకు ఇప్పుడు అతుకుల పలక అంటే మునుపటికన్నా గర్వం. ఇప్పపూలు రాలే రోజున దుప్పి, నెమలి, ఎలుగు "మావాళ్లే!" అని అరుస్తాయి. తర్వాత ఉలిముక్కు వెళ్లి ఆ ఖాళీలో నిలబడతాడు. పిల్లలందరికీ వినబడేలా అంటాడు: "ఇక్కడ మా ముత్తవ్వ ఉండేది. కోసింది నేనే!"

నీతి: పెద్దలు మిగిల్చిన గురుతు అందరిదీ. గొప్ప కోసం దాన్ని కోసి పంచితే ముక్క చేతికొస్తుంది, అది చెప్పే మాట పోతుంది.