పని చెయ్యని టీకా

కొండపేటలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని అన్నదమ్ములు గవరయ్యకీ, దాలయ్యకీ గట్టి నమ్మకం. చెప్పిన మాట చెప్పినట్టు అర్థం చేసుకునేది తామేనని రోజూ ఒకర్నొకరు మెచ్చుకునేవాళ్ళు.

ఆ ఏడు ఊళ్ళోకి మాయదారి జ్వరం వచ్చింది. వాళ్ళమ్మ నీలమ్మకి ఉబ్బసం. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొడుకులిద్దరికీ బెంగ పట్టుకుంది. నర్సు ఎస్తేరమ్మ వచ్చి టీకా వేయించుకోమంది.

"టీకా పనిచెయ్యదటగా! ఫోన్లో వచ్చింది," అన్నాడు గవరయ్య.

"ఎందుకు చెయ్యదు? రెండు వారాలాగితే బాగా పనిచేస్తుంది."

"మరి మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదట?" అన్నాడు దాలయ్య.

"ఆడకపోతే మానె! ఈ వయసులో అమ్మ ఊపిరికి ఆటలేంట్రా?" అని కసిరాడు గవరయ్య.

"ఆడుతుందయ్యా! పొద్దున్నుంచీ నేను పెట్టుకునే మాట్లాడట్లేదా? ముక్కూ నోరూ మూసుకుని ఉండండి," అని నర్సమ్మ మాస్కులిచ్చింది.

అంతే. అన్నదమ్ములిద్దరూ మాస్కు మీంచి ముక్కూ నోరూ చేత్తో నొక్కేసుకున్నారు. మొహాలు వంకాయలైపోయాయి. నర్సమ్మ చేతులు లాగేస్తే గానీ ఊపిరి తీసుకోలేదు.

ముగ్గురికీ టీకా పడింది. పదిహేనో రోజు అన్నదమ్ములు చేలోకెళ్ళి, చొక్కా చెయ్యి మడిచి, టీకా వేసిన భుజం కలుపు మొక్కల వైపు తిప్పి, "ఊఁ, మొదలెట్టు!" అన్నారు. ఒక్క గడ్డిపరక కదల్లేదు. కోపంగా నర్సమ్మ దగ్గరికి పోయారు.

"అది పనిచేసేది ఒంట్లో, చేలో కాదు! జ్వరం అసలు రాదని చెప్పను. వచ్చినా ప్రాణం మీదికి రాకుండా కాపలా కాస్తుంది," అందామె.

కాపలా! ఇంకేముంది, ఇంటి కాపలా కుక్కని పొరుగూరికి ఇచ్చేసి, తలుపులు బార్లా తీసి సంతకి పోయారు. ఊళ్ళో మేకలన్నీ జొరబడి గవరయ్య పంచెతో సహా దొరికినదల్లా నమిలేశాయి. తలుపు తీసుంది కదాని దగ్గుతున్న పక్కింటి పైడమ్మ కూడా వచ్చి, మాస్కు లేకుండా నీలమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పి పోయింది.

నాలుగోనాటికి నీలమ్మకి జ్వరం. అన్నదమ్ములు మాస్కు తియ్యలేదు, మంచం వదల్లేదు, ఏడుపూ ఆపలేదు. మూడు రోజులు గడిచాయి. నీలమ్మ లేచి కూర్చుని, "ఆకలేస్తోందిరా, చారన్నం పెట్టండి," అంది.

"చూశారా? జ్వరమొచ్చినా ఉబ్బసం మనిషి గట్టెక్కింది. టీకా పనిచేసింది. అడిగినవాళ్ళకి ఇదే చెప్పండి," అని నర్సమ్మ మందులిచ్చి వాకిట్లోకి నడిచింది.

దాలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "పాపం, మూడు రోజులూ తిండీతిప్పలూ లేకుండా పనిచేసిందన్నా!"

అంతే. బెల్లం పరమాన్నం వండి, టీకా వేసిన చోట తల్లి భుజానికి దట్టంగా పూశారు. ఐదు నిమిషాలకి నీలమ్మ కెవ్వుమంది.

"కదలకమ్మా, అది తినేవేళ!" అని గవరయ్య చెయ్యి పట్టుకున్నాడు.

దాలయ్య వంగి చూసి, వీధిలోకి పరుగెత్తి అరిచాడు. "నర్సమ్మగారూ, తొందరగా రండి! టీకా బయటికొచ్చి భోంచేస్తోంది! ఎర్రగా ఉంది, ఆరు కాళ్ళున్నాయి, చుట్టాలందర్నీ పిలుచుకొచ్చింది!"