గోల్ కొట్టని నీటికుక్క

తెల్లకోన అడవిలో చలికాలం వచ్చిందంటే పెద్ద చెరువు మొత్తం గడ్డకట్టిపోతుంది. ఆ అడవిలో కుందేళ్ళు, కస్తూరి జింకలు, ఉడుతలు, నక్కలు, ఒక ముసలి ఎలుగుబంటి, చేపలు తిని బతికే ఒక నీటికుక్క ఉండేవి. చలికాలంలో ఎలుగుబంటి నిద్రపోవాలి కదా అని అడుగుతారేమో. ఈ ఎలుగుబంటి నిద్రపోదు. ఆటంటే దానికంత పిచ్చి మరి.

ఆ ఆట ఐస్ హాకీ. కాళ్ళకు నున్నటి వెదురు బద్దలు కట్టుకుని మంచు మీద జారుతారు. వంపు కర్రలతో నల్లటి రాతి బిళ్ళను కొడతారు. బిళ్ళ అవతలివాళ్ళ రెండు బండల మధ్యకు దూరితే గోల్. మన జట్టు బండల ముందు కాపలా కాసేది ఎలుగుబంటి బొంత మామ. జట్టు నాయకుడూ ఆయనే.

చెరువు పక్కన ఒక వేడినీటి ఊట ఉంది. ఏటా జరిగే పెద్ద ఆటలో గెలిచినవాళ్ళకే మంచు కరిగేదాకా ఆ ఊట. అవతలి జట్టు తోడేళ్ళది. మంచు మీద ఎవరూ ఎవర్నీ కరవకూడదని కట్టుబాటు ఉంది. ఊట దగ్గర అలాంటి కట్టుబాటేమీ లేదు. తోడేళ్ళు గెలిస్తే చిన్న జంతువులు ఆ దరిదాపులకు కూడా వెళ్ళలేవు.

దూదమ్మ అనే కుందేలుకు ఆ ఊట లేకపోతే బతుకే లేదు. ఆమె పిల్లకు ఆయాసం. చలిగాలి తగిలితే పాపం ఊపిరి అందదు. వేడి ఆవిరి దగ్గర పడుకోబెడితేనే ఆ పిల్ల చలికాలం గట్టెక్కుతుంది. అందుకే దూదమ్మ ప్రాణం పెట్టి ఆడుతుంది.

ఇక నీటికుక్క పేరు సుడి. ఆ అడవిలో అతడిని మించిన ఆటగాడు లేడు. పోయిన ఏడు అతడు కొట్టిన గోల్స్ చూసి జంతువులన్నీ అతడిని నెత్తిన పెట్టుకుని ఊరేగించాయి. ఈ ఏడు పెద్ద ఆటకు ముందు తోడేళ్ళతో ఆడిన ఆటల్లో మాత్రం అతడు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. గోల్స్ అన్నీ దూదమ్మే కొట్టింది.

పెద్ద ఆట రోజు రానే వచ్చింది. సగం ఆట అయ్యేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అందరూ ఊపిరి పీల్చుకోవడానికి ఒడ్డుకు చేరారు.

అప్పుడు రాగిమూతి అనే నక్క గట్టు మీద లేచి నిలబడింది. అది కర్ర పట్టింది తక్కువ, నోరు వాడింది ఎక్కువ.

"ఇదేం ఆటయ్యా? సుడి ఇవాళ బిళ్ళను ముట్టుకున్నాడా అసలు? పొగిడి పొగిడి వాడికి ఒళ్ళు బరువెక్కించారు. దించెయ్యండి వాడిని" అంది నక్క.

"అవును, దించెయ్యండి" అన్నాయి జింకలు. ఉడుతలు కూడా గొంతు కలిపాయి. పోయిన ఏడు ఊరేగించింది ఈ జింకలూ ఈ ఉడుతలే. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

సుడి తల దించుకుని కాళ్ళ బద్దలు బిగించుకుంటున్నాడు.

దూదమ్మ ఊరుకోలేకపోయింది.

"ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా మీకు? ఈ ఏడు ఆటలు మొదలైన దగ్గర్నుంచి రెండు తోడేళ్ళు సుడిని అంటిపెట్టుకునే ఉన్నాయి. అవి అటు ఉండబట్టే నేను ఇటు గోల్ కొట్టగలుగుతున్నాను. అతడిని దించితే ఆ రెండూ ఏం చేస్తాయి? ఇంటికి పోతాయా?"

"దూదమ్మా, నీ మంచితనం నీ పిల్ల ప్రాణం మీదికి తెస్తుంది. గోల్ కొట్టలేనివాడిని వెనకేసుకొస్తావేం? బిడ్డ మీద ప్రేమ లేదా నీకు?" అంది నక్క.

ఆ మాటకు దూదమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉంది కాబట్టే అడుగుతున్నాను. సుడిని ఉంచండి" అంది.

ఎవరూ వినలేదు. అరుపులు ఎక్కువయ్యాయి. బొంత మామ మెత్తనివాడు. నలుగురూ గట్టిగా అరిస్తే తట్టుకోలేడు.

"సరే, దించుతాను. కానీ మన ఆచారం తెలుసుగా రాగిమూతీ? ఆడేవాడిని దించమన్నవాడే అతడి స్థానంలో దిగాలి" అన్నాడు.

"దిగుతాను. నాకేం భయమా?" అంటూ నక్క తోక ఊపుకుంటూ మంచు మీదికి వచ్చింది. సుడి కర్ర పక్కన పెట్టి ఒడ్డున కూర్చున్నాడు.

సుడిని కాసే తోడేళ్ళు రెండూ తమ నాయకుడు గండు దగ్గరికి వెళ్ళాయి. "ఇప్పుడు ఎవరిని కాయాలి?" అని అడిగాయి.

గండు నక్కను ఎగాదిగా చూసి నవ్వాడు. "దాన్ని కాయడం దండగ. ఇద్దరూ కుందేలు మీదికి పొండి" అన్నాడు.

అంతే. ఆట తలకిందులైంది. దూదమ్మ ఎటు కదిలినా రెండు పెద్ద భుజాలు అడ్డొచ్చాయి. ఒకసారి ఆమెను ఎత్తి మంచు కుప్పలోకి తోసేశాయి. ఆమె లేచి తల విదిలించుకునేలోపు తోడేళ్ళు గోల్ కొట్టేశాయి.

నక్క చుట్టూ ఒక్క తోడేలు లేదు. బిళ్ళ దాని దగ్గరికే వచ్చింది. అది కర్ర బలంగా విసిరింది. కర్ర గాలిలో తిరిగింది, బిళ్ళ అక్కడే ఉంది, నక్క మాత్రం వెల్లకిలా పడింది. ముందు పన్ను ఒకటి ఊడి మంచు మీద పడింది.

పొద్దు కొండ వెనక్కి వాలుతోంది. నీడ చెరువు మధ్యకు వస్తే ఆట ముగిసినట్టే. ఒడ్డున దూదమ్మ పిల్ల దగ్గు వినబడుతోంది. గట్టు మీద జింకలూ ఉడుతలూ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి.

బొంత మామ సుడి వైపు చూశాడు. ఏ ముఖంతో పిలవాలో ఆయనకు తెలియలేదు. దూదమ్మే వెళ్ళింది.

"తమ్ముడూ, వస్తావా?"

"ఈ అరిచినవాళ్ళ కోసమైతే రాను అక్కా. బాధేసింది నాకు. నీ పిల్ల కోసం వస్తాను" అన్నాడు సుడి.

నక్క నోరు పట్టుకుని ఒడ్డుకు పోయింది. సుడి మంచు మీద కాలు పెట్టగానే ఆ రెండు తోడేళ్ళూ గాభరాగా అతడి వైపు పరుగెత్తాయి. సుడి దూరంగా ఎడమ మూలకు జారిపోయాడు. అతడి దగ్గర బిళ్ళ లేదు. అయినా తోడేళ్ళు వదలలేదు, వెంట పడ్డాయి. కుడి పక్క దూదమ్మకు దారి తెరుచుకుంది. ఆమె గోల్ కొట్టింది. మళ్ళీ సమానం.

నీడ చెరువు మధ్యకు పాకుతోంది. ఈసారి బిళ్ళ సుడికే దొరికింది. అతడు నేరుగా బండల వైపు దూసుకుపోయాడు. రెండు తోడేళ్ళూ మీద పడ్డాయి. గండు కూడా వచ్చి పడ్డాడు. కాపలా తోడేలు సుడినే చూస్తూ ముందుకు వచ్చేసింది. ఆ గుంపు కింద నలుగుతూ సుడి కర్ర కొసతో బిళ్ళను వెనక్కి నెట్టాడు.

వెనక దూదమ్మ ఉంది. ముందు ఎవరూ లేరు. బిళ్ళ బండల మధ్యకు దూరింది. అప్పుడే నీడ చెరువు మధ్యను తాకింది.

ఆ సాయంత్రమే దూదమ్మ పిల్లను ఊట పక్కన పడుకోబెట్టారు. దాని ఊపిరి నెమ్మదిగా కుదుటపడింది.

నక్క పన్ను ఊడిన నోటిని చేత్తో మూసుకుని వచ్చింది. బుద్ధి వచ్చిందనుకున్నారా? లేదు. "గెలిస్తే గెలిచాం గానీ, సుడి ఇవాళ కూడా గోల్ కొట్టలేదు, గమనించారా?" అంది.

వెళ్ళిపోతున్న గండు ఆ మాట విని ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"రాగిమూతీ, వచ్చే ఏడు కూడా నువ్వు తప్పకుండా రా. సుడిని దించమని ఇంకాస్త గట్టిగా కేకలు పెట్టు. మా తోడేళ్ళలో కూడా మాకు ఇంత మేలు చేసినవాడు లేడు" అన్నాడు.

జంతువులన్నీ నక్క వైపు చూశాయి. నక్కకు అక్కడ నిలబడటానికి ముఖం చెల్లలేదు. ఆ చలికాలమంతా అది ఊట వైపు రాలేదు.

నీతి: ఒకరి విలువ తేల్చేముందు, వారు చేసిన పనినే కాదు, వారు లేకపోతే ఏమవుతుందో కూడా చూడాలి.