ఎల్లాజీ రాసిన వరుసలు

వేట నిషేధం ఎల్లుండితో తీరిపోతుంది. పడవలన్నీ సముద్రంలోకి దిగుతాయి. గఫూర్ కంప్యూటర్ తెర మీద మాత్రం ఎర్ర గీతలు పోవడం లేదు.

రేవు పక్క గుట్ట మీది దర్గాలో ఖాదర్ బాబాకు శిష్యుడు గఫూర్. గాలివాన కబురు రాగానే జాలర్ల ఫోన్లు మోగేలా ఒక యాప్ చేసింది అతనే. రేవంతా మెచ్చుకుంది. ఆ మెప్పు కాస్త తలకెక్కింది కూడా.

ఈ ఏడు జాలర్లు కొత్త ఫోన్లు కొనుక్కున్నారు. వాటిలో ఆ యాప్ తెరుచుకోలేదు. అందుకు కావలసిన కొత్త భాగాన్ని బాబా రెండో శిష్యుడు ఎల్లాజీ రాశాడు. అతని తండ్రి కూడా వేటకు వెళ్లే మనిషే.

మనం వరుసలు వరుసలుగా రాసిన ప్రోగ్రామ్‌ని చదివి ఫోన్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. గఫూర్ కంప్యూటర్లో అది ఎల్లాజీ వరుసల దగ్గరికి రాగానే మొరాయించి, తప్పు, తప్పు అంటూ ఎర్ర గీతలు గీసేస్తోంది.

"రాతలో తప్పు నేదన్నా. నీ కంపైలరే పాతబడిపోనాది. అప్‌డేట్ చెయ్యి," అన్నాడు ఎల్లాజీ.

"ఇన్నేళ్లూ దీంతోనే చేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట నీలాంటివాడే!"

అలా అని గఫూర్ ఆ వరుసలు ఒక్కొక్కటే తీసేయసాగాడు. ఎల్లాజీ చిన్నబుచ్చుకుని బయటికి వెళ్లిపోయాడు.

బాబా అంతా విన్నాడు. కాసేపాగి గఫూర్‌ని పిలిచి, యాప్ గురించి రేవులో అంటించడానికి ఒక ప్రకటన రాయమన్నాడు.

గఫూర్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తెచ్చాడు. బాబా ట్రంకుపెట్టెలోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చి చూశాడు. చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాడు.

"అన్నీ తప్పులే బేటా," అని కలంతో అడ్డంగా కొట్టేశాడు.

గఫూర్ మళ్లీ రాశాడు, ఈసారి అక్షరాలు పెద్దవి చేసి. బాబా అదీ కొట్టేశాడు. గఫూర్‌కి ఉక్రోషం ముంచుకొచ్చింది.

"తప్పెక్కడుంది బాబా? అవి మీ పాత కళ్లద్దాలు! కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు రాసిచ్చినవి మీ జేబులోనే ఉన్నాయి కదా!"

"ఇన్నేళ్లూ వీటితోనే చదివాను," అన్నాడు బాబా.

ఆ మాట తనదేనని గఫూర్‌కి తట్టింది.

తిన్నగా కంప్యూటర్ దగ్గరికి వెళ్లాడు. తీసేసిన వరుసలన్నీ ఎక్కడివక్కడ పెట్టాడు. కంపైలర్ని, దాని వెంట ఉన్న పాత సరంజామానంతా అప్‌డేట్ చేశాడు. ఎల్లాజీ వరుసల కింద ఒక్క గీత కూడా మిగల్లేదు. ఎర్ర గీతలు ఇప్పుడు వేరేచోట మొలిచాయి. అవన్నీ గఫూర్ ఏనాడో రాసుకున్న వరుసలు. ఆ పద్ధతులకు కాలం చెల్లిపోయింది.

అతనికి సిగ్గేసింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది. గుమ్మం దాకా వెళ్లి కేకేశాడు.

"ఎల్లాజీ, తప్పులన్నీ నావేరా. వచ్చి కూర్చో, ఇద్దరం కలిసి సరిచేద్దాం."

"ఏటన్నా, మద్దెల బాగుపడిందా?" అంటూ వచ్చాడు ఎల్లాజీ.

సాయంత్రానికి, పరీక్ష కోసం పంపిన కబురుతో అతని తండ్రి చేతిలో కొత్త ఫోన్ గణగణా మోగింది.

బాబా కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, తాను కొట్టేసిన ప్రకటనే చదువుతున్నాడు.

"రాత బాగుంది," అన్నాడు. "ఈ అద్దాలు తెచ్చుకున్న రోజు నాకు ముందుగా కనబడింది నా గదిలో దుమ్మే బేటా."