తాడు మీద కూర్చున్న మాసేను

సముద్రం మన తాతల తాతలతో ఇంకా మాట్లాడే రోజుల్లో, ఒక వేటపల్లెలో మాసేను అని ఒకడుండేవాడు. వినండర్రా, గొప్పవాడేం కాదు! ఒడ్డున పెద్దవల లాగుతుంటే, వచ్చిన తాడుని కొసన కూర్చుని చుట్టేవాడు. సత్తువ లేనివాడికిచ్చే పని.

పెద్దవలకి రెండు తాళ్ళు. ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది. సమంగా లాగాలి. ఒక పక్క జోరైందా, వల ఒరిగి చేపలు జారిపోతాయి.

ఆ ఏడాది ఇరవై రోజులు చేపల వేట లేదు. పొయ్యిలు వెలగలేదు. ఒక పొద్దున్న నీళ్ళు నల్లబడ్డాయి. ఓలమ్మో, కవళ్ళు! ఒడ్డుకానుకుని కవళ్ళ చేపల గుంపు!

"లాగండ్రా!" అని అరిచాడు వల పెద్ద కొర్లయ్య. లాగారు. వల ఒరిగింది. చేపలు పోయాయి.

మళ్ళీ వేశారు. "లాగండ్రా, సచ్చినోళ్ళలారా!" ఇంకా గట్టిగా అరిచాడు. లాగారు. ఒరిగింది. పోయాయి.

మూడోసారి వేశారు. గుంపు లోతుకి మళ్ళుతోంది, ఇదే ఆఖరు. కొర్లయ్య నోరు తెరిచాడో లేదో, మాసేను వెళ్ళి తాడు మీద కూర్చున్నాడు!

"లెగరా! మతి పోనాదేటి?"

"లెగను పెద్దా. తాడు కొస నా సేతిలో ఉంటాది. ఎవుడెలా లాగుతున్నాడో నాకు తెలుస్తాది. ముగ్గురి గుండెలు తాడు మీద లేవు."

ముందు ఇటు తాడు లాగే దానయ్యని చూశాడు. "అటుపక్క నీ తమ్ముడున్నాడని పంతానికి లాగుతున్నావు. ఏటైనాది?"

"నిన్న నన్ను సేతకానోడన్నాడు."

అవతల తాడు దగ్గర్నుంచి తమ్ముడు కేకేశాడు. "కోపంలో అన్నానన్నా! తప్పయిపోనాది!" దానయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత గంగులు. "నీ సేతులిక్కడున్నాయి, నువ్వింటికాడున్నావు."

"పిల్లకి జొరం, మాసేనూ. మూడు రోజులైనాది."

"మరి సెప్పవేటి? ఎల్లు! నీ వాటా నీకొస్తాది." గంగులు పరుగో పరుగు.

మూడోవాడెవడా అని అందరూ చూస్తున్నారు. మాసేను తిన్నగా కొర్లయ్య వైపు తిరిగాడు.

"పెద్దా, నీ అరుపుకే తాడు అదురుతాంది. నీకు బయమేస్తంది గదా?"

కొర్లయ్య గొంతు తగ్గించాడు. "ఏస్తందిరా. ఈ వలా ఉత్తదే వస్తే, పిల్లల మొకాలెలా సూసేది?"

"మాకూ అదే బయం పెద్దా!" అన్నారు అందరూ.

అప్పుడు లేచాడు మాసేను. గంగులు చోట్లో కొర్లయ్యే తాడు పట్టాడు. హైలెస్సో! ఇటు తాడు, అటు తాడు ఒకే ఊపు. హైలెస్సో! వల ఒరగలేదు. హైలెస్సో! ఇసకంతా కవళ్ళే, కాలు పెట్టే చోటు లేదు! ఏడుస్తూ నవ్వారు, నవ్వుతూ ఏడ్చారు.

మాసేను ముసలివాడై కన్నుమూశాడు. అతనికెవరూ గుడీ కట్టలేదు, గోపురమూ కట్టలేదు. కానీ ఈనాటికీ ఆ ఒడ్డున తాడు పట్టే ముందు "గుండె తాడు మీదుందా?" అని ఒకరినొకరు అడుగుతారు. మొదట జవాబు చెప్పాల్సింది వల పెద్దే. చేపలు ఒడ్డెక్కి గెంతుతున్నా సరే, అంతదాకా ఎవరూ లాగరు.

మొన్నామధ్య ఒక కొత్త వల పెద్ద మీసం మెలేసి "నాకేటి బయం!" అన్నాడట. నలభైమందీ తాడు మీద కూర్చున్నారు!